సవతి నిద్రపోదు అనే గుడ్డ

ఇటోకు పేటలో సిఫావు గోళ్లు తెల్లగా ఉండగా చూసినవాళ్లు లేరు. ఆమె తల్లి గోళ్లూ అంతే, అమ్మమ్మ గోళ్లూ అంతేనట. నీలిమందు కుండల పక్కన పుట్టి, ఆ కుండల్లోనే చేతులు పెట్టి పెరిగిన వంశం. పెళ్లినాడు పెట్టిన గోరింటాకు కూడా ఆ గోళ్ల మీద వంకాయ రంగుకి తిరిగిందని మా అబెయోకుటా ఊరి ముసలమ్మలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఆమె భర్త లామిడి ఇబాదాన్ రూట్లో బస్సు నడిపేవాడు. ఒకనాడు ఆ బస్సులోంచే ఒక ఆడమనిషిని, ఆమె ట్రంకుపెట్టెల్ని దింపి మేమంతా కలిసి ఉండే లోగిల్లోకి తీసుకొచ్చాడు. "ఈమె కుబురాత్. ఇకనుంచి ఇక్కడే ఉంటుంది" అన్నాడు. సిఫావు అప్పుడు కర్రపెండలం పిండితో గంజి కాస్తోంది. గరిట తిప్పడం ఆపలేదు.

"గంజి అడుగంటుతుంది. తరవాత మాట్లాడతాను" అంది.

తరవాత కూడా మాట్లాడలేదు. కొన్నాళ్లాగి మాట్లాడింది, నోటితో కాదు, ఈకతో. తెల్లని నూలు గుడ్డ పరిచి, కోడి ఈకని గంజిలో ముంచి బొమ్మ గీసింది. గంజి గీసినచోట గుడ్డ రంగు తాగదు, మిగిలిన చోటంతా తాగుతుంది. మా కుండల దగ్గర వాడే మాట అదే, తాగడం. మంచి గుడ్డకి దాహం ఎక్కువ అంటారు. నీలిలో ముంచి తీసి, గాలికి ఆరబెట్టి, గంజి గీకేస్తే బొమ్మ తేలింది. ఒకే దూలం మీద రెండు కోళ్లు. ఒకటి కళ్లు మూసుకుంది. రెండోది కళ్లు విప్పార్చుకుని పక్కదాని మెడ వంకే చూస్తోంది.

పేరు లేని గుడ్డని మా ఆడవాళ్లు కొనరు. "దీని పేరేంటే సిఫావూ" అని ఎవరో అడిగారు. స్నానాల దడి వైపు పోతున్న కుబురాత్‌కి వినపడేలా గొంతు పెంచి చెప్పింది.

"సవతి నిద్రపోదు."

ఆ గుడ్డని దడికి వెళ్లే దారికి అడ్డంగా ఆరేసింది. బకెట్ పట్టుకుని దాని కింద తల వంచుకుని పోవాల్సింది కుబురాత్ ఒక్కతే కాదు, మేమందరమూ. కానీ అక్కడ ఆరేసింది తనకోసమేనని కుబురాత్‌కి తెలుసు. మర్నాడు సంతలో సిఫావు ముందు నిలబడి, బేరం ఆడకుండా ఆ గుడ్డనే కొనుక్కుంది. నడుముకి చుట్టుకుని లోగిలి నడిమధ్యకి వచ్చింది.

"బొమ్మ చాలా బావుంది అక్కా. ఇంతకీ ఈ రెండు కోళ్లలో నువ్వెవరు?"

సిఫావు కుండ వైపు తిరిగి మూత పెట్టింది. బొమ్మ గీసేటప్పుడు ఆ సంగతి ఆలోచించలేదు.

గుడ్డ మాత్రం ఊరూరా పాకింది. లాగోస్ నుంచి, ఇబాదాన్ నుంచి ఆడవాళ్లు వచ్చి అడిగి మరీ గీయించుకున్నారు. మొగుడు రెండో ఇల్లు పెడుతున్నాడని అనుమానం వచ్చినావిడ ఒక మాట కూడా అనక్కర్లేదు, ఈ గుడ్డ కట్టుకుని ఆ వీధిలో ఒకసారి తిరిగి వస్తే చాలు. తరవాత గీసిన వాటన్నిటికన్నా ఆ మొదటి గుడ్డకి ఒక తేడా ఉంది. మెలకువగా ఉన్న కోడి కాలి దగ్గర ఈక వణికి ఒక చుక్క పడింది. చెయ్యి ఎందుకు వణికిందో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ చుక్క గుడ్డ కుబురాత్ దగ్గరే ఉండిపోయింది.

చాలా ఏళ్లు గడిచాయి. కుబురాత్ నెత్తిన గంప పెట్టుకుని గుడ్డలమ్మడం మొదలుపెట్టి, సంత మొగదల కొట్టు పెట్టే దాకా వచ్చింది. లేకలేక ఒక ఆడపిల్ల పుట్టింది, అరికే. సిఫావు కడుపు పండలేదు. ఆ సంగతి ఎవరూ అనరు, లామిడి చెల్లెళ్లు తప్ప.

అప్పుడు కంటైనర్ల కాలం వచ్చింది. సముద్రం అవతలి నుంచి తానులకు తానులు దిగాయి, అచ్చం నీలిగుడ్డల్లాగే, మీద సన్నని మెరుపుతో. ఒక పొద్దున సిఫావు సంతకి వెళ్తూ కుబురాత్ కొట్టు ముందు ఆగిపోయింది. గుమ్మానికి వేలాడదీసిన తాను నిండా కోళ్లు. ఒకటి నిద్ర, ఒకటి మెలకువ. మెలకువగా ఉన్నదాని కాలి దగ్గర ఒక చుక్క. దాని కింద మళ్లీ కోళ్లు, మళ్లీ చుక్క.

"నా చుక్క" అంది సిఫావు.

"ఏ చుక్క అక్కా?" కుబురాత్ కత్తెర పక్కన పెట్టింది.

"నా చెయ్యి ఒక్కసారి వణికింది. ఇక్కడ గజగజానికీ వణికిస్తున్నావేంటే?"

"నా గుడ్డకి ఫొటో తీసి తానులు చేసేవాళ్లకి పంపాను. డబ్బిచ్చి కొన్న గుడ్డ. దాన్ని నేనేం చేసుకుంటే నీకేం?"

"పేరు కూడా అదే పెట్టి అమ్ముతున్నావా?"

"పేరు నువ్వు నాకే కదా పెట్టావు. నా పేరు నేను అమ్ముకుంటున్నాను."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు సిఫావు వెంట ఇంటిదాకా వచ్చింది.

ఆ రోజు నుంచి ఆమెకి అదే పని. కుండలోకి బూడిద కొనడానికి వెళ్లినా, నమలడానికి కోలాకాయ కొనడానికి వెళ్లినా దారి ఆ కొట్టు మీదుగానే. ఎదురుగా అలసంద గారెలు వేసే ఆమె గొడుగు కింద కూచుని, ఎవరు ఎంత తీసుకుంటున్నారో, ఎవరు తనని చూసి మొహం తిప్పుకుంటున్నారో గమనించేది. తన పాత బేరగత్తె ఒకావిడ మెరుపు గుడ్డ చంకన పెట్టుకుని, "నీదే కదమ్మా బొమ్మ" అని పలకరించి పోయింది. ఆ పూట సిఫావు అన్నం ముట్టలేదు. కుబురాత్ గదికి కొత్త రేకులు పడితే, వానలో వాటి చప్పుడు తనకి నిద్ర చెడగొడుతోందని లామిడితో తగువు పెట్టుకుంది. అప్పటికింకా వానలు మొదలే కాలేదు.

లామిడి కూడా శుక్రవారం నమాజుకి ఆ గుడ్డతోనే చొక్కా కుట్టించుకున్నాడు.

"ముడత పడదు తెలుసా" అన్నాడు మురిసిపోతూ.

"నీ మొహానికీ అదే కుట్టించుకో" అంది సిఫావు.

కొన్నవాళ్లని నేను తప్పు పట్టను. మా బడిలో టీచర్లందరం కొన్నాం. చవక. ఉతికి దులిపితే గంజి పెట్టక్కర్లేదు, ఇస్త్రీ అక్కర్లేదు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్లో ఇవి చిన్న సుఖాలు కావు. కానీ ఆ గుడ్డ దేనితో చేశారో తాను మీద ఎవరూ రాయలేదు. రాయమని అడిగే అధికారి రేవులో ఒక్కడూ లేడు. మన ఒంటి మీదకి ఏం ఎక్కిస్తున్నారో మనకి చెప్పనక్కర్లేదని ఎవరో ఎక్కడో కూచుని అనుకున్నారు.

ఎండలు ముదిరాయి. తరగతిలో పిల్లలు గోక్కోవడం నేను చూస్తూనే ఉన్నాను. అరికే అందరికన్నా ఎక్కువ. తల్లి కొట్టు సరుకు కదా, ఆ పిల్లకి రోజుకో గౌను. మెడ చుట్టూ, చంకల్లో, బొందు బిగించే నడుం దగ్గర ఎర్రగా పేలింది. చెమట పట్టినప్పుడు ఆ ఎరుపు మీద నీలం కారేది.

పేట ఆడవాళ్లకీ అదే తంతు. వాళ్లు కుబురాత్ కొట్టుకి వెళ్లి మెడలు చూపించారు. అక్కడ కుబురాత్ నోరు జారిందో, కావాలనే అందో నాకు తెలియదు.

"బొమ్మ ఎవరిదో మీకు తెలుసు. కుండలో ఏం కలుపుతుందో ఆవిణ్ణే అడగండి" అంది.

మా ఊళ్లో మెడ మీద నీలం కనపడితే అందరూ కుండ వైపే చూస్తారు. తాతల నాటి నుంచి అలవాటైన చూపు అది. నీలం అంటే కుండ, కుండ అంటే సిఫావు. ఆ గుడ్డ ఆమె కుండ మొహం కూడా చూడలేదని ఒక్కరికీ తట్టలేదు. మధ్యాహ్నానికల్లా లోగిలి దడి దగ్గర జనం.

"మా ఒంటికి ఏం చేశావు సిఫావూ?"

"మీ ఒంటి మీదున్నది నాది కాదు. అది తాగే గుడ్డ కాదు. రంగే తాగనిది చెమటేం తాగుతుంది? చెమటంతా మీ ఒంటికీ దానికీ మధ్య నిలబడి ఉడుకుతోంది."

"దాని కొట్టు కళకళలాడుతోందని ఏడుపు నీకు."

"ఏడుపే. కాదన్నానా? ఏడుపున్నదాని నోట నిజం రాదా?"

వెనక నుంచి ఎవరో అందుకున్నారు. "సవతి నిద్రపోదు కదమ్మా మరి."

అందరూ ఘొల్లున నవ్వారు. తను పెట్టిన పేరే తిరిగొచ్చి తన మొహాన తగిలింది. సిఫావు ఆ క్షణాన నిలబడిన తీరు నాకు గుర్తుంది, చేతులు నీలంగా, మొహం బూడిద రంగులో. కుండలో మందు పెట్టిందన్న పేరు ఒక్కసారి వస్తే ఆ కుండని మళ్లీ ఎవరూ ముట్టరు. ఆమెకి మిగిలింది ఆ కుండ ఒక్కటే.

సాయంత్రం లామిడి పంచాయితీ పెట్టాడు. సిఫావు మాటలు తగ్గించి పని చూపించింది. ఒక చేత్తో పాత నూలు దుప్పటి ముక్క, ఒక చేత్తో కుబురాత్ తానులోంచి తెచ్చిన ముక్క పట్టుకుని రెండూ ఒకే కుండలో ముంచింది. పైకి తీసింది. దుప్పటి ముక్క ముందు ఆకుపచ్చగా వచ్చి, గాలి తగిలేకొద్దీ అందరి కళ్లముందే నీలంగా మారింది. రెండోదాని మీద నుంచి రంగు బొట్లు బొట్లుగా జారిపోయింది. ఒకసారి నీళ్లలో జాడించగానే కోళ్లు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

"చూశారా. తాగలేదు" అంది.

కుబురాత్ లేచి, ఆ ముక్కని అందుకుని, దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పింది.

"ఇటోకు నీలిమందు కుండలో ముంచినా మరక అంటలేదు. ఇంతకన్నా గట్టి సరుకు ఎక్కడ దొరుకుతుందమ్మా?"

మర్నాటి నుంచి కొట్టు ముందు అదే కేక. సిఫావు కుండలో ముంచినా మరక పట్టని గుడ్డ. అమ్మకాలు ఇంకా పెరిగాయి. సిఫావు గారెలావిడ గొడుగు కిందకి వెళ్లడం మానేసింది. ఇంట్లోనే కూచుని గోడవైపు చూసేది. గోడకవతల కుబురాత్ గది.

ఒకరోజు బడిలో అరికే బల్ల మీద తల వాల్చి లేవలేదు. ఒళ్లు కాలిపోతోంది. మెడ దగ్గర గోకిన పుళ్లు చీము పట్టి, గౌను కాలరు వాటికి అతుక్కుపోయింది. నేనే ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్లి, కుబురాత్‌కి కబురు పెట్టాను. ఆమె కొట్లోంచి అలాగే పరిగెత్తుకొచ్చింది, జుట్టు నిండా గుడ్డ నూగుతో, కాల్చిన ప్లాస్టిక్ వాసనతో. ఆ గుడ్డని మామూలుగా కత్తిరిస్తే అంచులు ఊడిపోతాయి, అందుకని కాల్చిన కత్తితో కోస్తారు.

నర్సు పుళ్లు కడిగి, గౌను అంచు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఇది నూలు కాదమ్మా. నీళ్ల సీసా ఏ సరుకో ఇదీ ఆ సరుకే, సాగదీసి దారం చేశారు. చెమట పీల్చదు. ఒళ్లు నానిపోతుంది. దీనికి వేసే ముదురు రంగుల్లో కొన్ని చెమటకి వదులుతాయి, కొందరి చర్మానికి అవి అస్సలు పడవు. అందరికీ కాదు. నీ బిడ్డకి పడలేదు. గోకిన చోట పుండు పడి చీము పట్టింది. పుళ్లు మానేదాకా, మానాక కూడా, నూలు గుడ్డే తొడుగు. కొత్తది కాదు, బాగా ఉతికి ఉతికి రంగు వదలడం మానేసిన పాతది." మందు చీటీ రాస్తూ తలెత్తి కుబురాత్ జుట్టు చూసింది. "నువ్వు దగ్గుతున్నావు కూడా. ఈ నూగు పీలిస్తే ఊపిరితిత్తుల్లో ఏమవుతుందో ఇంకా పూర్తిగా తేల్చలేదు. తేల్చలేదంటే మంచిదని కాదు. మూతికి గుడ్డ కట్టుకుని, కిటికీ తెరిచి పని చేసుకో."

తిరిగొస్తుంటే పిల్ల తల్లి వీపు మీద నిద్రపోయింది. వంతెన దాటాక కుబురాత్ నా వైపు చూసింది.

"టీచరమ్మా, నర్సు మాట లోగిల్లో అనకు."

"సరుకు అమ్ముడుపోదనా?"

"సరుకుదేముంది, రేపు ఇంకోటి అమ్ముతాను. ఈ మాట వింటే ఆవిడ ఈ రాత్రి హాయిగా నిద్రపోతుంది. అది నేను చూడలేను."

నేను మాటివ్వలేదు. ఇవ్వాల్సిన అవసరం కూడా రాలేదు.

తెల్లారగట్ల కోళ్లు కూసే వేళ నా కిటికీ కింద మాటలు వినపడ్డాయి. సిఫావు కుండల మూతలు తీస్తోంది. కుబురాత్ చేతిలో మడత పెట్టిన గుడ్డతో ఆమె ఎదురుగా నిలబడి ఉంది. ఊరందరినీ ఏ ప్రశ్న అడగమని పంపిందో, ఆ ప్రశ్నే అడగడానికి తనే వచ్చింది.

"అక్కా, దీంట్లో ఏం కలిపావు? పిల్లకి తొడగాలి. నిజం చెప్పు."

సిఫావు మూత పక్కన పెట్టింది. గుడ్డ అందుకోకుండానే గుర్తుపట్టింది. మొదటి గుడ్డ. చుక్క గుడ్డ.

"ఆ ఏడు ఇంకా కొట్లో అమ్మే డబ్బా నీలం, సోడా వాడటం ఎరగను. ఆకు, బూడిద నీళ్లు, నీ మీద కడుపుమంట. అంతే."

"పిల్లకి ఏమీ కాదుగా?"

"ఆకూ బూడిదా ఎప్పుడో ఉతుకులో పోయుంటాయి."

"మూడోది?"

"అది పక్కా రంగు. పోదు. కానీ అది నీ కోసం వేసింది, పిల్లకి అంటదు."

కుబురాత్ నవ్వబోయి దగ్గింది. సిఫావు అప్పుడు గుడ్డ చేతిలోకి తీసుకుంది. తీసుకుని ఆగిపోయింది. అరచేత్తో రాసింది, చెంపకి ఆనించి చూసింది. పెట్టెలో దాచిన గుడ్డకి మడతల దగ్గర గీతలుంటాయి. దీనికి లేవు. తడిపిన తమలపాకులా మెత్తగా ఉంది, అక్కడక్కడా పలచబడింది.

"ఇది రోజూ కట్టిన గుడ్డ" అంది.

కుబురాత్ తల తిప్పుకుంది. "రాత్రిళ్లు కట్టుకుంటాను."

"కొట్టు నిండా తానులు పెట్టుకుని?"

"వాటితో నిద్ర పట్టదు. ఒళ్లు ఉడికిపోతుంది."

"అంటే మొదటి నుంచీ తెలుసు నీకు."

"ఒంటికి తెలుసు. నోటికి చెప్పలేదు."

"ఇన్నేళ్లూ నా గుడ్డలో హాయిగా పడుకున్నావన్నమాట." సిఫావు గుడ్డ విప్పి కోళ్లని చూపించింది. "ఆ రోజు అడిగావు, రెండు కోళ్లలో నేనెవరని. ఇదిగో, ఇప్పుడు తెలిసింది. గోడవతల నువ్వు గుర్రు పెడుతుంటే ఇవతల కళ్లు తెరుచుకుని పడుకున్నది నేనే."

సిఫావు లోపలికి వెళ్లి కత్తెర తెచ్చుకుంది.

"గౌను ఇప్పుడే కుడతాను. పిల్ల ఒంటితో బేరం ఆడను. కానీ సంత తెరిచాక నీ కొట్టు ముందు నిలబడి ఒక మాట చెప్పాలి. ఆ దురద నా కుండది కాదని."

"చెప్తే నన్నేమంటారో తెలుసా?"

"నన్నేమన్నారో తెలుసుగా. అంతకన్నా ఎక్కువ అనరు."

కుబురాత్ చెప్పింది. పెద్ద గొంతుతో కాదు, మొహం మాడ్చుకుని, నర్సు అన్న మాటలు సగం మింగుతూ చెప్పింది. కుండ మాట మాత్రం మింగలేదు. "ఈ నీలం సిఫావు కుండది కాదు. ఈ గుడ్డ ఆ కుండ ఎరగదు" అంది. కొందరు సరుకు వాపసు తెచ్చారు. చాలామంది తేలేదు, ఇంకా కొంటున్నారు. తానులు ఇంకా దిగుతున్నాయి, వాటి మీద ఇంకా ఏమీ రాసి ఉండటం లేదు. ఆ రాత కోసం మేం కొందరం టీచర్లం, నర్సులం సంతకాలు పోగు చేస్తున్నాం. కుబురాత్ కూడా పెట్టింది. పసిపిల్లలకని ఎవరైనా అడిగితే మాత్రం కత్తెరతోనే సిఫావు కుండల వైపు చూపిస్తుంది, తన పళ్లెంలో కూడు తీసి పక్కవాళ్లకి పెడుతున్నట్టు.

అరికే పుళ్లు మానాయి. ఆ గౌను ముందువైపు నిద్రపోయే కోడి పడింది, వీపు మీద మెలకువ కోడి, దాని కాలి దగ్గర చుక్క. పిల్ల బడికి పోతుంటే సిఫావు లోగిలి దడి దగ్గర నిలబడి, ఆ చుక్క మలుపు తిరిగేదాకా చూస్తుంది. మలుపు దగ్గర పిల్ల వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది తనకా, పక్క గుమ్మంలో నిలబడ్డ కుబురాత్‌కా అని పొద్దంతా ఆలోచిస్తుంది.